రొట్టె మీద కప్పిన గుడ్డ

పోయిన వారం మైనాని మందిరం గుమ్మంలో వదిలేశాం. కుడికాలు లోపల, ఎడమకాలు బయట పెట్టి, ఒక చెయ్యి వెనక్కి చాచి మొగుడి వేళ్లు పట్టుకుని ఉంది. పట్టు వదిలితే ఆ మనిషి మెట్లు దిగి ఇంటికి పోతాడని ఆమె భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు.

మైనా ఆమె అసలు పేరు కాదు. పెళ్లయిన మర్నాడు టీ తాగుతూ ఆమె గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతుంటే, కళ్లజోళ్ల షాపు నడిపే కొత్త మొగుడు గ్లాసు కింద పెట్టి, "మైనాని తెచ్చుకున్నానన్నమాట ఇంటికి" అన్నాడు. అదే ఖాయమైపోయింది. ఇద్దరికీ అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఆదివారం పొద్దున ఆమె మందిరానికి బయల్దేరుతుంది. అతను షాపు వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. లెన్సులు అరగదీసే మిషను పక్కన మోకరించి ఒక్కడే ప్రార్థన చేసుకుంటాడు. తల్లి పోయినప్పటినుంచి, అంటే నాలుగేళ్లుగా అతని ఆరాధన ఆ గదిలోనే.

ఆమె బతిమాలింది, అలిగింది, మళ్లీ బతిమాలింది. చివరికి అతను ఒక మాట అన్నాడు. "ఒక్క ఆదివారం వస్తాను. అక్కడ మనకి చోటుందనిపిస్తే ఉందాం. లేదనిపిస్తే ఇక ఇంట్లోనే, మనిద్దరమే. మళ్లీ ఆ ఊసు ఎత్తకూడదు." మైనా ఒప్పుకుంది. ఒప్పుకున్న క్షణం నుంచీ ఆమె గుండె గుప్పిట్లోనే ఉంది.

ఇంతకీ అతను గుమ్మం దాటాడు.

వెనక నుంచి రెండో బెంచీ మీద, తలుపుకి దగ్గరగా కూర్చున్నారు. అతనే ఎంచుకున్నాడు ఆ చోటు. లేచి పోవడానికి అనువుగా ఉంటుందని మైనాకి అర్థమైంది. పైన ఫ్యాను ఒక రెక్క వంగి టకటకమంటోంది. బెంచీలకి కొత్తగా వార్నిష్ వేసినట్టున్నారు, ఎండకి కాస్త మెత్తబడి లేచేటప్పుడు బట్టలకి అంటుకుంటోంది. వాళ్ల ముందు బెంచీలో ఒక పసిబిడ్డ తల్లి భుజం మీదుగా అతన్నే చూస్తోంది. అతను కళ్లజోడు కిందికి జార్చి, పైకి ఎగరేశాడు. బిడ్డ బోసినోటితో నవ్వింది. అది చూసి మైనాకి ఒళ్లంతా ఝల్లుమంది. ఇంత చిన్నదానికే.

ఒక్క విషయం మాత్రం మనసులో ముల్లులా ఉంది. అతని అక్క, అంటే మైనాకి వదిన, గుమ్మం దగ్గరే ఎదురైంది. తెల్ల గుడ్డలో చుట్టిన రొట్టె పట్టుకుని వస్తోంది. ప్రభువు బల్ల నాడు అందరూ పంచుకు తినే రొట్టె చెయ్యడం అత్తగారి పని, ఆవిడ పోయాక వదిన పని. తమ్ముణ్ణి మందిరంలో చూసి పొంగిపోతుందనుకుంటే, ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోయింది. "వచ్చావా" అని మాత్రం అని, గబగబా వెళ్లి రొట్టె బల్ల మీద పెట్టి, మొదటి బెంచీలో కూర్చుంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ తమ్ముణ్ణి మందిరానికి రమ్మని పిలవలేదని మొగుడు ఒకసారి అన్న మాట మైనాకి అప్పుడు గుర్తొచ్చింది.

అంతలో కీర్తన మొదలైంది. మొదటి చరణం అతను నోరు విప్పలేదు. రెండో చరణంలో ఎక్కడో, తనకే తెలియకుండా, అందుకున్నాడు. బొంగురు గొంతు. పొద్దున గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసే గొంతే అది, కానీ ఇంతమంది గొంతుల అడుగున అది పరిచిన రాతిపలకలా ఉంది. మైనా పాడటం మానేసి విన్నది. లోపల సంతోషం పాలపొంగులా పైకి వచ్చేసింది.

అదే కొంప ముంచింది.

పాట అయ్యాక పాస్టరుగారు బల్ల దగ్గరికి వచ్చి, రొట్టె మీద గుడ్డ తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మందిరమంతా నిశ్శబ్దం. ఈ మందిరంలో బల్ల మూడు నెలలకోసారి. మైనా ఇక్కడ చూడటం ఇదే మొదలు. ఆమె పుట్టింటి ఊరి మందిరంలోనూ బల్లకి ముందు ఇలాంటి నిశ్శబ్దమే ఉంటుంది. అక్కడ ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కరూ లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. పరీక్ష పాసయ్యానని, జ్వరం తగ్గిందని, పోయిన తాళంచెవి దొరికిందని కూడా. పొంగిన పాలు పొయ్యి మీద ఎంతసేపు ఆగుతాయి? మైనా లేచి నిలబడింది.

అతని చెయ్యి ఆమె మోచేతిని పట్టి కిందికి లాగింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు. పాస్టరుగారు ఆమెను చూశారు, తర్వాత పక్కనున్న అతన్ని చూశారు. గుడ్డ తీసుకుని రొట్టె మీద మళ్లీ కప్పారు.

వాళ్ల ముందు బెంచీలోని పసిబిడ్డ తల్లి గుసగుసగా అడిగింది. "ఎవరి మీదండీ?"

"ఎవరి మీద అంటే?" అంది మైనా.

అతను పళ్ల బిగువున అన్నాడు. "కూర్చో. ఏం చేశావో తెలుసా?"

"కృతజ్ఞత చెబుదామని..."

"ఇక్కడ ఇప్పుడు లేస్తే కృతజ్ఞత కాదు. ఈ మందిరంలో ఎవరి మీదో నీకు మనసులో ఏదో ఉందని అర్థం. అది తేలేదాకా రొట్టె విరవరు. ఎవరూ ఇంటికి వెళ్లరు."

"ఎంతసేపు?"

"తేలేదాకా. నా చిన్నప్పుడోసారి సాయంత్రం దాకా కూర్చున్నాం. ఒక బావా బావమరిదీ, ఇద్దరి మధ్యా ఒక గోడ తగాదా."

ఒకే ఒక్క ఆదివారం ఇచ్చాడు మైనాకి. దాన్ని తన చేత్తోనే గంగలో కలుపుకుంది.

పాస్టరుగారు పక్క గది వైపు చెయ్యి చూపించారు. మొదట అక్కడ విని, తర్వాత అందరి ముందుకీ తేవడం పద్ధతి. సంఘ పెద్దల్లో ఒకరు సాక్షిగా ఉండాలి. ఒక ముసలావిడ చేతికర్ర ఊతంతో లేచింది. అందరూ నర్సమ్మ అంటారు. ఆ మందిరంలో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే.

నలుగురికి ఆ పక్క గది ఇరుకు. కీర్తనల పుస్తకాలు దొంతరలుగా గోడ పొడవునా ఉన్నాయి. విరిగిన బెంచీ ఒకటి నిలువుగా ఆనించి ఉంది. తలుపు వెయ్యగానే మైనా గడగడా చెప్పేసింది, వాళ్ల ఊరి పద్ధతి, తాళంచెవితో సహా. చెబుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

నర్సమ్మ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆగలేక నవ్వింది. "అమ్మ పిల్లో, నా గుండె ఆగినంత పనైంది. నేనే నిన్నేమైనా అన్నానా అని ఈ కాస్త దూరంలో పది ఆదివారాలు వెనక్కి వెళ్లొచ్చాను."

పాస్టరుగారు తేలిగ్గా ఊపిరి వదిలారు. "అయితే ఎవరి మీదా ఏమీ లేదుగా, అమ్మా? బయటికి వెళ్లి ఆ మాటే చెప్పెయ్. అయిపోతుంది."

"అవును, అయిపోతుంది," అన్నాడు అతను. గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోలేదు. "మాకూ అయిపోతుంది. పద, ఇంటికెళ్దాం."

"ఏవండీ, బల్ల అయ్యేదాకా..."

"చూశావుగా. సంతోషమొచ్చి లేస్తే సంజాయిషీ అడుగుతారు. దేవుడికీ మనకీ మధ్య ఇన్ని గుడ్డలు, ఇన్ని గదులు, ఇంతమంది పెద్దలు. నా షాపు వెనక గదిలో ఇవేమీ అక్కర్లేదు. ఆయన అక్కడికీ వస్తున్నాడు."

"వస్తాడు బాబూ, ఎందుకు రాడు," అంది నర్సమ్మ. "నిన్ను బయటికి లాగింది నేను, మీ అమ్మ కడుపులోంచి. అప్పుడూ ఇంతే, ఒక పట్టాన రాలేదు. ఇప్పుడు లోపలికి లాగడం నా వల్ల కావట్లేదు."

అతను నవ్వలేదు. మైనా అతని ఎదురుగా వచ్చి నిలబడి నోరు విప్పింది. కబుర్లు చెప్పే గొంతు కాదు అది, తనకే కొత్తగా వినిపించింది.

"నేను కాలేజీలో ఉండగా మా అమ్మ పోయింది. మీకు చెప్పాను. తర్వాతి సంగతి చెప్పలేదు. ఏడాది పాటు నాకు ప్రార్థన రాలేదండీ. పాట రాలేదు. నోరు తెరిస్తే శబ్దం వచ్చేది కాదు. మందిరంలో ఇటుపక్క మా లెక్కల టీచరు, అటుపక్క బస్సు నడిపే బాబాయి నిలబడేవాళ్లు. వాళ్లు పాడేవాళ్లు. నా వంతు కూడా వాళ్లే పాడేశారు. ఒక్కదాన్నే గదిలో ఉంటే ఆ ఏడాదితో నాకు దేవుడు అయిపోయి ఉండేవాడు. నాకు నమ్మకం లేని రోజుల్లో వాళ్ల నమ్మకానికి ఆనుకుని నిలబడ్డాను. అందుకే నాకు మందిరం కావాలి. గోడల కోసం కాదు."

అతను ఆమె వైపు చూశాడు. చూపు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే మళ్లీ గట్టిపడింది.

"నీకు ఆనుకోవడానికి మనుషులు దొరికారు," అన్నాడు నెమ్మదిగా. "మా అమ్మకి దొరకలేదు."

గోడ అవతల ఎవరో దగ్గారు.

"ఈ బల్ల మీదికి రొట్టె చేసిన మనిషి," అన్నాడు అతను. ఇప్పుడు మాట్లాడుతున్నది పాస్టరుగారితో. "నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బల్లకి ముందు శనివారం మా ఇంట్లో ఆ పిండి వాసనే. మంచాన పడ్డాక ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. పగలంతా అక్క ఒక్కతే దగ్గరుండేది. నేను షాపు మూసి ఇంటికొచ్చేసరికి ఆవిడ కళ్లు తలుపు మీదే ఉండేవి. నేను కనబడగానే, ఓ నువ్వా అనేది. నన్ను చూసి సంతోషమే, కానీ ఎవరి కోసమో చూస్తోందని నాకు తెలిసేది. చివరి దాకా చూసింది. పోయాక మాత్రం అందరూ వచ్చారు, పువ్వులు పట్టుకుని."

పాస్టరుగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోసాగారు. అతని కళ్లు, తనకి ఇష్టం లేకపోయినా, ఆ కళ్లజోడు మీదికి వెళ్లాయి. అది తను చేసినదే. అమ్మ బాగున్న రోజుల్లో చేసింది. ఒకవైపు కాడ ఊడిపోతే నల్లదారంతో కట్టుకున్నారు. లెన్సు నిండా గీతలు. ఇందాక పాటకి ముందు వాక్యం చదువుతున్నప్పుడు ఆయన తల పక్కకి వాల్చి చదవడం అతను గమనించాడు. చూపు మారి చాలాకాలమైంది, ఈ అద్దాలు పనికిరావు. ఊళ్లో ఇంకో రెండు షాపులున్నాయి. ఆయన దేనికీ వెళ్లలేదు.

"నువ్వన్నది నిజం," అన్నారు పాస్టరుగారు. "ఎవరూ రాలేదు. నేనూ రాలేదు."

"ఎందుకు?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"నాకూ చెప్పలేదు ఈయన," అంది నర్సమ్మ. ఇప్పుడావిడ గొంతులో నవ్వు లేదు. "వాళ్లింటికి వెళ్లకండి, ఎందుకని అడగకండి అన్నారు, అంతే. నేను రెండుసార్లు మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఆ తిరగడం నాకు ఇప్పటికీ అరగలేదు. కానీ బాబూ, ఆ ప్రశ్న ఈ గదిలో అడగకు."

"మరి ఎక్కడ అడగమంటారు?"

"బయట. మీ గుమ్మం తొక్కనివాళ్లంతా అక్కడున్నారు. నీ షాపు వెనక గదిలో ఎవర్ని అడుగుతావు, మిషన్నా? సంఘం అంటే మంచివాళ్ల మంద అనుకున్నావేమో. నేను కాన్పులు చేసినదాన్ని, ఎవరెలా పుట్టారో చూసినదాన్ని, నాకలాంటి భ్రమలేం లేవు. ఫలానా మనిషి మీద నాకు కోపముంది అని లేచి నిలబడే చోటు ఇది. నువ్వలా అన్నాక కూడా ఆ మనిషి లేచి పోకుండా నీ ముందు కూర్చోవాల్సిన చోటు. ఆ గుడ్డ కప్పేది దానికే. వెళ్లిపోయినవాడు అడగలేడు. ఉన్నవాడే అడగగలడు."

"నేను ఉన్నవాణ్ణి కాదుగా."

"నిన్ను ఎవరు తీసేశారు? నువ్వు వెళ్లావు. మేం పంపలేదు."

అతను తలుపు తీసి మైనాకి దారి ఇచ్చాడు. ఆ మర్యాద చూసి ఆమెకి ఇంకా భయమేసింది. అతను కోపంతో తలుపు తోసుకుని పోయి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలిసేది.

మందిరంలో ఎవరూ కదల్లేదు. పసిబిడ్డ మాత్రం నిద్రపోయింది. మైనా తన బెంచీ దగ్గర నిలబడి, గొంతు సవరించుకుంది.

"నన్ను క్షమించాలి. నాకు ఇక్కడి పద్ధతి తెలియదు. నాకు ఎవరి మీదా ఏమీ లేదు. కృతజ్ఞత చెబుదామని లేచాను."

"దేనికమ్మా?" అన్నారెవరో ముందు నుంచి, నిజంగానే తెలుసుకోవాలని.

మైనా ముఖం కందిపోయింది. అబద్ధం చెప్పే చోటు కాదు. "మా ఆయన రెండో చరణం పాడారని."

మందిరమంతా ఒక్కసారిగా నవ్వింది. అంతసేపు బిగబట్టిన ఊపిరంతా ఆ నవ్వులో బయటికి వచ్చింది. ఎవరో స్తోత్రం అన్నారు. వార్నిష్ అంటుకున్న బెంచీల మీద జనం సర్దుకుని కూర్చున్నారు. వదిన ఒక్కతే నవ్వలేదు. ఆవిడ వీపు కర్రలా నిటారుగా ఉంది.

మైనా కూర్చుంది. మొగుడి ముఖం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. అతని కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. వేళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఇంటి తాళంచెవి అతని జేబులో ఉంది. అతను లేస్తే ఆ తాళంచెవి గలగలమంటుందని, ఆ చప్పుడుతో తన మందిరం ముగిసిపోతుందని ఆమె అనుకుంది.

పాస్టరుగారు గుడ్డ మళ్లీ తీశారు. పద్ధతి ప్రకారం నిశ్శబ్దం మొదటినుంచీ పాటించాలి. ఆయన చేతులు కట్టుకున్నారు. ఫ్యాను టకటకమంది.

తాళంచెవి గలగలమంది.

మైనా కళ్లు మూసుకుంది. అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. అడుగులు వినబడలేదు. కళ్లు తెరిచేసరికి అతను తన చోటులోనే నిలబడి ఉన్నాడు, తలుపు వైపు కాకుండా బల్ల వైపు తిరిగి.

ఈసారి రొట్టె మీద గుడ్డ కప్పడానికి పాస్టరుగారికి చాలాసేపు పట్టింది.

"ఎవరి మీద?" అని అడిగారు. గదిలో వినడం ఇందాకే అయింది, ఇక అందరి ముందూ ఆ మాట అడగాల్సింది ఆయనే.

"మీ మీదే, అయ్యగారూ."

ఎక్కడో ఒక పుస్తకం జారి నేల మీద పడింది. పాస్టరుగారు బల్ల వెనక నుంచి పక్కకి జరిగారు. ఎవరి మీద మాట వచ్చిందో వాళ్లు బల్ల దగ్గర నిలబడకూడదు, అది ఆయనకైనా అంతే. మెట్టు దిగి, మొదటి బెంచీ చివర, మామూలు మనిషిలా కూర్చున్నారు. నర్సమ్మ కర్ర ఊతంతో వెళ్లి ఖాళీ అయిన బల్ల పక్కన నిలబడింది.

"అడుగు బాబూ," అంది. "అందరం ఉన్నాం."

అతను అడిగాడు. గదిలో అన్నంత మాట అనలేదు. "మా అమ్మ మంచంలో ఉంటే మీరెందుకు రాలేదు? వీళ్లనెందుకు రానివ్వలేదు?" ఆ రెండు ప్రశ్నలే. మైనా అతని చెయ్యి పట్టుకుంది. బెంచీల మీద కొందరు తలలు దించుకున్నారు. లావుపాటి మనిషొకాయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లలో ఎవరూ లేచి వెళ్లలేదు. నాలుగేళ్లు తను అడగాలనుకున్నవన్నీ మిషను పక్కన గోడకి చెప్పుకున్నాడు. ఈ రోజు ఇంతమంది తలలు దించుకుని వింటుంటే అతని నుదుటి మీద ముడి కొద్దిగా వదులైంది. మైనా అది చూసింది.

పాస్టరుగారు లేచారు. "జవాబు నా దగ్గరుంది. నాలుగేళ్లుగా ఉంది. చెప్పనని మాటిచ్చాను. ఆ మాట నుంచి నన్ను విడిపించగలిగిన మనిషి ఒక్కరే." ఆయన ఎవరి వైపూ చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడుతున్నారో వెనక బెంచీ దాకా తెలుస్తోంది.

మొదటి బెంచీ కిర్రుమంది. వార్నిష్ నుంచి బట్ట ఊడివచ్చిన చప్పుడు. వదిన లేచి నిలబడింది. పొద్దున పిండి పిసికిన చేతులు రెండూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ఆయన్ని కూర్చోబెట్టండి," అంది. "ఒరేయ్ తమ్ముడూ, అమ్మ చూసింది తలుపుకేసి కాదు, తలుపు దగ్గర కూర్చున్న నా కేసి. తలుపు తియ్యమని. ఎవరినీ రానివ్వొద్దని అయ్యగారి దగ్గర మాట తీసుకున్నది నేనే."

"ఎందుకక్కా?"

ఆవిడ నోరు తెరిచింది. ఇంతమంది ముందు చెప్పలేనన్నట్టు అందరినీ ఒకసారి చూసి మూసుకుంది. బల్ల మీదున్న రొట్టె కేసి చూసి, తను చేసిన రొట్టే అయినా, అటు తాకకూడనట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

మొగుడి చెయ్యి మైనా చేతిలోంచి జారిపోయింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, బయట ఎండ, మెట్లు, ఇంటిదారి. అతను అటు తిరిగి ఒకసారి చూశాడు. తర్వాత బెంచీల మధ్య దారిలోకి వచ్చి, నాలుగేళ్లుగా నడవని ఆ దారిలో, అక్క వైపు నడవడం మొదలుపెట్టాడు.